చెలమబండకు దారి

హైదరాబాదులో నేను ఎక్కడం నేర్చుకున్న బండల్లో ఇవాళ ఒక్కటి కూడా లేదు. ఒకదాని చోట ఆసుపత్రి లేచింది. ఇంకోదాని చోట అపార్టుమెంట్లు. మూడోది ఎక్కడుండేదో వెతుక్కుంటూ ఒకసారి వెళ్ళి, ఏ వీధిలో నిలబడ్డానో నాకే అర్థంకాక ఆటో ఎక్కి తిరిగొచ్చేశాను. వాటిని పగలగొట్టిన వాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు. మాది వడ్డెర కుటుంబం. ఆయన బండలు కొట్టి మమ్మల్ని సాకాడు, నేను అవే బండలు ఎక్కి పదిమందికి నేర్పేదాన్నయ్యాను. ఇందులో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో యాభై దగ్గర పడుతున్నా నాకు తేలలేదు.

నేను ఆడే ఆటను బౌల్డరింగ్ అంటారు. రెండు మూడు నిలువుల ఎత్తు బండను తాడు లేకుండా ఉత్త చేతులతో ఎక్కడం, పడితే పడడానికి కింద ఒక మందపాటి పరుపు వేసుకోవడం. అంతే. ఇంతమాత్రం దానికి మనుషులు విమానాలెక్కి వస్తారా అంటే, వస్తారు. హంపీ చుట్టుపక్కల చలికాలమంతా పరుపులు వీపున కట్టుకుని తిరిగే విదేశీయులను కళ్ళారా చూశాను.

నేను పిల్లలకు క్లైంబింగ్ నేర్పే జిమ్‌లో రాములు వాచ్‌మన్. వాళ్ళ ఊరు బస్తర్‌లో, తెలంగాణ దాటగానే వచ్చే తర్లగూడకు ఆవల. ఒకరోజు తన ఫోన్‌లో వాళ్ళక్క నాగమ్మ మిరప చేను ఫొటో చూపించాడు. నేను చేను చూడలేదు. చేను వెనకాల ఉన్న బండలు చూశాను. చేతిలో చాయ్ చల్లారిపోయింది.

ఆ బండల్ని రోడ్డు కంకర కోసం ఎవరో కాంట్రాక్టరుకు ఇచ్చేశారట. పని ఇంకా మొదలవలేదట. వాటిలో అన్నిటికంటే పెద్దదాని కింద చెలమ ఉంది. వాగు హోలీ దాకా పారుతుంది, ఆ తర్వాత వానలు పడేదాకా ఊరికి ఆ చెలమ తప్ప వేరే నీళ్ళే లేవు. నాగమ్మకు ఒక్కటే ఆశ. విదేశాల వాళ్ళు వచ్చి ఎక్కే బండలని తేలితే సర్కారు వాటిని కొట్టనివ్వదని. ఆ ఆశ ఆమె తలకెక్కించింది రాములు. రాములు తలకెక్కించింది హంపీ గురించి నేను చెప్పిన కబుర్లు.

నేను వెళ్ళి చూసి, ఇవి ప్రపంచ స్థాయి బండలని నాలుగు ముక్కలు రాసివ్వాలట. నా రాతకు అంత విలువ లేదని ఎంత చెప్పినా వినలేదు. ఫిబ్రవరి మొదట్లో ఇద్దరం బయల్దేరాం.

తర్లగూడ

గోదావరి దాటి అడవిలో పోగా పోగా తర్లగూడ వచ్చింది. చెక్‌పోస్టు దగ్గర అందర్నీ దింపి సామాన్లు చూస్తున్నారు. మా పరుపు అక్కడ పెద్ద పంచాయితీ అయింది. మడిచి పట్టీలు బిగిస్తే అది ట్రంకుపెట్టెలా కనిపిస్తుంది. జవాను కర్రతో పొడిచాడు, విప్పించాడు, వాసన చూశాడు, చివరికి రోడ్డు పక్కన పరిచి దాని మీద పడుకున్నాడు. ధర అడిగితే రాములు చెప్పాడు. ఆ డబ్బుకు తమ ఇంట్లో మంచం, పరుపు, బీరువా మూడూ వస్తాయని హిందీలో అంటూ, లేవలేక లేచాడు.

పక్కన చాయ్ హోటల్. గ్లాసు నిండా చాయ్ పది రూపాయలు, హైదరాబాదులో ఆ ధరకు అడుగున రెండు గుక్కలు కూడా రావడం లేదు. హోటలాయన మాతో తెలుగు, లారీ డ్రైవరుతో హిందీ, విస్తరాకులు అమ్మవచ్చిన ఇద్దరు ఆడవాళ్ళతో వాళ్ళ దోర్లీ భాష, మూడూ ఒక్క చాయ్ కాగేలోపే మాట్లాడాడు. మా నగరంలో పక్కింటివాళ్ళ భాష నేర్చుకోవడానికి మనకు బతుకు చాలదు. బండలెక్కడానికి పోతున్నామంటే ఆయన నవ్వలేదు. ఎక్కినాక ఎట్ల దిగుతరని మాత్రం అడిగాడు. అవతలి వైపు నుంచి నడిచి దిగుతామన్నాను. అట్లయితే అటే ఎక్కరాదా అన్నాడు. ఇంకో రెండు చాయ్ చెప్పాను.

మేం కూర్చున్నంతసేపూ కంకర లారీలు పోతూనే ఉన్నాయి. కొన్నేళ్ళ కింద ఈ దారిన రావాలంటే నాకు ధైర్యం చాలేది కాదు. ఇప్పుడు భయం తగ్గింది, రోడ్లు పడుతున్నాయి. రోడ్లకు కంకర కావాలి, కంకరకు బండలు కావాలి. ఇందులో తప్పుపట్టడానికి ఏముంది? ఆ రోడ్డు మీదే కదా నేనూ వచ్చింది. అయినా ఒక్కో లారీ పోతుంటే వెనక ఏ రంగు రాయి ఉందోనని తొంగిచూశాను.

నాగమ్మ ఊరు

ఊరి పేరు రాయను. ఇంక రాసి లాభం లేదు.

నాగమ్మకు నలభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, నడక మాత్రం పరుగే. భర్త మిరపకాయల లోడుతో వరంగల్ మార్కెట్‌కు పోయి ఉన్నాడు. వాకిట్లోకి అడుగు పెట్టగానే కాళ్ళకు నీళ్ళిచ్చింది, తర్వాత తాగడానికి వేరే చెంబులో తెచ్చింది. కాళ్ళకిచ్చినవి వాగు నీళ్ళు, తాగడానికిచ్చినవి చెలమ నీళ్ళు. ఆ రెండూ కలపరు. చెలమ దగ్గరికి చెప్పులతో పోరు, ఎంగిలి గిన్నె ముంచరు, వాగు ఎండి చెలమ ఒక్కటే దిక్కయిన మొదటి రోజున గుప్పెడు ఇప్పపూలు ఒడ్డున పెడతారు. మా కాలనీలో ట్యాంకర్ వస్తే బిందెలతో కొట్టుకుంటాం.

అన్నంలోకి ఎండుచేపల పులుసు, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టింది. తొక్కు నాలిక మీద పడగానే కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఇది కారం తక్కువ కాయ అని రాములు ఓదార్చాడు.

చెలమబండ

మర్నాడు పొద్దున్నే చేను దాటించి బండల దగ్గరికి తీసుకుపోయారు. దారి అనేది లేదు. చేనుకూ బండలకూ మధ్య ఒక వాగుపాయ కోసిన గండి, అడుగడుగునా కంప, దొర్లిన రాళ్ళు. ఆడవాళ్ళు నెత్తిన బిందెలతో ఆ రాళ్ళ మీదనుంచి అడుగు మీద అడుగు వేసుకుంటూ వస్తారు. నేను పరుపుతో రెండుసార్లు పడ్డాను.

బండలు చూశాక మోకాలి దెబ్బ మర్చిపోయాను. ఎన్నో లెక్క పెట్టలేదు. ఎటు తిరిగినా ఉన్నాయి. ఒకటి ఏనుగంత, దాని పక్కది గుడిసంత, ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్యలో ఇరుకు సందులు, నీడలు. చేత్తో తడిమాను. మరీ నున్నగా లేదు, చర్మం లేచిపోయేంత గరుకూ కాదు, పొద్దుటి చల్లదనానికి వేళ్ళు అతుక్కున్నట్టే ఉంది. చిన్నప్పుడు మా నాన్న వేలి కణుపుతో బండను కొట్టి చెవి ఆనించి వినేవాడు. అలాగే విన్నాను. పుచ్చు రాయి పగిలిన కుండలా మొద్దుగా పలుకుతుంది. ఇది కంచుగిన్నెలా పలికింది.

ప్రపంచ స్థాయి అంటే ఏంటని రాములు అడుగుతూనే ఉన్నాడు. చెప్పాను. పట్టు ఊడిరాని గట్టి రాయి కావాలి. ఒక్కటి ఎంత గొప్పదైనా చాలదు, నెల రోజులు ఎక్కినా తరగనన్ని ఒకేచోట ఉండాలి. ఎనిమిదేళ్ళ పిల్ల ఎక్కగలిగేదీ ఉండాలి, లోకంలో పదిమందే ఎక్కగలిగేదీ ఉండాలి. చలి నాలుగు నెలలన్నా ఉండాలి. ఇంత తిండి, ఇంత పడక దొరకాలి. అన్నిటికంటే ముందు, ఊరివాళ్ళు పొమ్మనకూడదు. నాకు తెలిసి గొప్ప గొప్ప చోట్లన్నీ రాయి చెడి మూతపడలేదు, ఊరితో చెడి మూతపడ్డాయి.

ఇక్కడ ఇవన్నీ ఉన్నాయి. ఆ మాట పైకి అంటున్నప్పుడే లోపల భయం మొదలైంది. ఎక్కేవాళ్ళకు పనికొచ్చే రాయే కొట్టేవాళ్ళకూ పనికొస్తుంది. పుచ్చు రాయైతే నేనూ వచ్చేదాన్ని కాదు, కాంట్రాక్టరూ వచ్చేవాడు కాదు.

చెలమబండ అన్నిటికీ మధ్యలో ఉంది. నాగుపాము పడగలా ముందుకు వంగి, ఆ నీడలో చాపంత చెలమ. అడుగున ఇసక రేణువులు కదులుతూ కనిపించేంత తేట నీళ్ళు. బండ అడుగున బొటనవేలు దూరేంత పగులు, అందులోనుంచి ఊరుతున్నాయి. నేను బూట్లు కట్టుకుంటుంటే నాగమ్మ ఆపింది.

"కింద నీళ్ళున్నయక్కా. చెప్పులతోని ఎక్కకు."

బూట్లు విప్పేశాను. ఉత్త కాళ్ళతో బండెక్కి ఎన్నేళ్ళయిందో! నీటి పక్కనుంచి మొదలుపెట్టి, వంగిన చోట వేళ్ళతో వేలాడి, మడమ పైకి వేసి, మూడోసారికి పైకి వచ్చాను. పైనుంచి చూస్తే చేనంతా ఎర్రగా మిరపకాయలు, కింద నాగమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నేను పడి చెలమలో మన్ను రేపుతానేమోనని ఆమె భయం. నా మెడ విరుగుతుందని కాదు. ఆ సంగతి తర్వాత తనే నవ్వుతూ చెప్పింది.

దారి చేయడం

లోట్లు రెండే కనిపించాయి. అక్కడికి చేరడం, అక్కడ పడడం. పరుపు వేయడానికి బండల కింద చదును లేదు, మనిషి వీపున పరుపుతో రావడానికి దారి లేదు. విదేశాలనుంచి వచ్చేవాడు గండిలో కాలు విరగ్గొట్టుకుంటే మర్నాడే ఆ సంగతి లోకమంతా పాకుతుంది, ఇంకెవరూ రారు. ఫొటోలు తీసి జగదల్‌పూర్ టూరిజం ఆఫీసులో చూపించాలన్నా కంప మధ్య ఇరుక్కున్న బండ ఎవరికి కనిపిస్తుంది? ఇది కాస్త బాగుచేస్తే బాగుండునని అన్నాను. అన్నది నేనే.

మరునాటికి ఊరంతా కదిలింది. గొడ్డళ్ళు, గడ్డపారలు, కొడవళ్ళు. ఎవరూ కూలి అడగలేదు. మిరపకాయ ఏరే రోజుల్లో చేను వదిలి రావడమంటే మాటలు కాదు. కంప నరికి పక్కన కుప్పలేశారు. దొర్లిన రాళ్ళను గడ్డపారలతో లేపి గండిలో వేసి పూడ్చారు, పైన మొరం పోశారు. నేను ఏ బండ కింద ఎంత చదును కావాలో కాలితో గీసి చూపించాను. ఒక ముసలాయన నా పరుపు మీద పడి చూస్తానని పట్టుబట్టి, అరుగంత ఎత్తునుంచి దూకి, లేచి, మళ్ళీ దూకాడు. చివరి రోజు కోడి కోశారు. ఈ ప్రయాణం మొత్తంలో నేను సంతోషంగా ఉన్న రోజులంటే అవే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్తున్నాను.

దారి పూర్తయ్యాక నాగమ్మ నెత్తిన రెండు బిందెలు, చంకన ఒకటి పెట్టుకుని, కింద చూడకుండా నడిచొచ్చి అందరికీ చూపించింది. ఇన్నేళ్ళు ఈ పని మనమే ఎందుకు చేసుకోలేదని ఆడవాళ్ళు ఒకరినొకరు అడిగారు.

దంతెవాడ

ఫొటోలతో, నేను రాసిచ్చిన నాలుగు ముక్కలతో, దరఖాస్తుతో నాగమ్మ, రాములు, నేను జగదల్‌పూర్ బయల్దేరాం. దరఖాస్తును అక్కడి హిందీలో ఆవేదన్ అంటారు. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

దారిలో దంతెవాడలో దిగాలని నాగమ్మ అంది. దంతేశ్వరికి మొక్కకుండా ఆ పనికి పోనంది. గుళ్ళోకి మగవాళ్ళు ప్యాంటుతో పోకూడదు. రాములు అక్కడిచ్చిన పంచె చుట్టుకున్నాడు, అలవాటు లేక రెండడుగులకోసారి పట్టుకున్నాడు, సరిగ్గా దండం పెట్టే సమయానికి చేతులు రెండూ పైకెత్తలేక ఒంటిచేత్తో మొక్కాడు. నాగమ్మ గుడి అని కూడా చూడకుండా పగలబడి నవ్వింది. ఏం మొక్కుకుందో నేను అడగలేదు, తెలిసిందే కదా.

మళ్ళీ బస్సెక్కాక నా పక్క సీట్లో కిరండూల్‌నుంచి వస్తున్న ఒక పెద్దావిడ కూర్చుంది. శ్రీకాకుళం మనిషి, భర్త రైల్వేలో చేసి రిటైరయ్యాడు. తెలుగు వినగానే సంచిలోంచి జంతికలు తీసి చేతిలో పోసింది. ఎక్కడికి, ఎందుకు అని అడిగితే చెప్పాను. ఆవిడ కిరండూల్‌లో ఇనుప రాయి తవ్వే కొండ సంగతి చెప్పింది.

"మేవొచ్చినప్పుడు ఆ కొండ ఇంకా పొడుగుండీదమ్మా. ఇప్పుడా జాగాలో ఆకాశం కనబడతంది."

బాధగా చెప్పలేదు, వాతావరణం చెప్పినట్టు చెప్పింది. ఆ కొండ వల్లే పిల్లలు చదువుకున్నారని కూడా అంది. మా నాన్న కూడా సరిగ్గా ఇదే చెప్పేవాడు.

జగదల్‌పూర్

పొద్దున పోహా, జిలేబీ కలిపి తిన్నాం. ఉప్మాలో మైసూర్‌పాక్ నంజుకున్నట్టుంటుందని మనకు అనిపిస్తుంది గానీ బాగుంటుంది. సంతలో ఎర్రచీమల చట్నీ ఆకుదొన్నెలో ఇరవై రూపాయలకు ఇచ్చారు. పుల్లగా, నాలిక చురుక్కుమనేలా ఉంది. నాగమ్మ తమవైపు ఇంకా బాగా నూరుతారని పెదవి విరిచి, నా దొన్నె కూడా ఖాళీ చేసింది.

ఆఫీసులో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. తర్వాత లోపలికి పిలిచిన ఆయన మంచివాడే. ఇది నేను వెటకారంగా అనడం లేదు. చాయ్ తెప్పించాడు, ఫొటోలన్నీ ఒక్కొక్కటి చూశాడు, నేను బండకు వేలాడుతున్నది చూసి ఈ వయసులోనా అన్నాడు. పర్యాటకులు వస్తే తనకూ సంతోషమేనన్నాడు. చెలమ గురించి నాగమ్మ తనకొచ్చిన హిందీలో చెప్తుంటే రాసుకున్నాడు. ఈ కాగితం పైకి పోవాలి, పైనుంచి చూడ్డానికి ఎవరైనా రావాలి, టైం పడుతుందన్నాడు. అక్కడికి బండి పోతుందా అని అడిగాడు.

రాములు గర్వంగా, ఇప్పుడు జీపు కూడా పోతుంది సాబ్, దారి మేమే చేశాం అన్నాడు.

బయటికొచ్చాక నాగమ్మ ముఖం వెలిగిపోతోంది. సాబ్ రాసుకున్నాడు కదా, రాసుకున్నాడంటే వింటాడు అంటూనే ఉంది. నాకు ఆ ఆఫీసు బల్ల మీద ఉన్న ఫైళ్ళ ఎత్తే కనిపిస్తోంది. ఆమెకు ఆ రోజును నేనెందుకు చెడగొట్టాలి?

మళ్ళీ ఊళ్ళో

బస్సు దిగి చేను గట్టు మీద నడుస్తుండగానే వినిపించింది. టంగు, టంగు, మధ్యలో ఆగి, మళ్ళీ టంగు. వాళ్ళిద్దరికీ అది ఏదో చప్పుడు. నాకు అది చంటితనంనుంచి తెలిసిన చప్పుడు. బండలో వరసగా రంధ్రాలు వేశాక, వాటిలో ఇనప మేకులు పెట్టి ఒక్కోదాన్నీ కొంచెం కొంచెం దింపుతారు. అన్నీ సమంగా బిగిసేదాకా అలా ఆగి ఆగి కొడతారు. ఆ తర్వాత బండ తనంతట తనే విడిపోతుంది. నేను పరుగెత్తాను.

ట్రాక్టర్ సరిగ్గా మేం చదును చేసిన చోట నిలబడి ఉంది, వెనక రంధ్రాలు వేసే యంత్రం. చెలమబండ అప్పటికే రెండయింది. వంగిన పడగ భాగం చెలమ మీద బోర్లా పడి ఉంది. ఇప్పుడు పక్క బండ మీద కొడుతున్నారు. ఊరివాళ్ళు కొందరు దూరంగా చెట్టు నీడన కూర్చున్నారు, వాళ్ళ దగ్గర ఖాళీ మజ్జిగ కుండ.

నాగమ్మ వాళ్ళ మీదికి అరుస్తూ పోయింది. అడ్డం పడకుండా ఏం చేస్తున్నారని. వాళ్ళు తెల్లబోయారు. కొత్త దారినే వచ్చారు, హైదరాబాద్ దిక్కు తెలుగే మాట్లాడారు, పెద్ద పెద్ద సామాను తెచ్చారు, ఇంకేముంది, నా మనుషులే అనుకున్నారు. మజ్జిగ పోశారు. బండ విడిపోయేదాకా అది ఎక్కడానికేదో ఏర్పాటనే అనుకున్నారట.

నా మనుషులే. అందులో అబద్ధం ఏముంది? పాలమూరు వడ్డెరవాళ్ళు. మేస్త్రీ పేరు యెల్లయ్య, అరవై దాటిన మనిషి, అరచేతులు బండబారి వేళ్ళు పూర్తిగా ముడవడం లేదు. ఏ ఊరు బిడ్డా అన్నాడు, ఇంటిపేరు అడిగాడు, చెప్తే వరసలు కలిపాడు, ఏదో దూరపు చుట్టరికం తేల్చి, చెల్లెకు చాయ్ పెట్టమని కుర్రవాళ్ళకు పురమాయించాడు. అక్కడ కూర్చుని ఆ చాయ్ ఎలా తాగాలో మీరు చెప్పండి.

కింద ఊరి తాగునీళ్ళున్నాయని చెప్పాను. ఆయన నిజంగానే అదిరిపడ్డాడు. ఆ ముందురోజు కాంట్రాక్టరు మనిషి వచ్చి ఇక్కణ్ణుంచే మొదలుపెట్టమన్నాడు తప్ప నీళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదట.

"దారి మంచిగ జేసిన్రు బిడ్డా. ఇది లేకుంటే ట్రాక్టర్ ఈ దిక్కు రాకపోతుండె. మేం ఆ అవుతల గుట్టకాడ మొదలువెడ్తుంటిమి. ఈడిదాంక వచ్చేసరికి రెండేండ్లు పడుతుండె."

మెచ్చుకుంటూనే అన్నాడు. పని తెలిసినవాడు ఇంకొకరి పనిని మెచ్చుకున్నట్టు.

కొట్టడం ఆపించి, గొలుసులు కట్టించి, ట్రాక్టర్‌తో ఆ పడ్డ ముక్కను చెలమ మీదినుంచి లాగించాడు. చాలాసేపు పట్టింది, గొలుసు ఒకసారి తెగింది. ముక్క కదిలాక కింద నల్లటి బురద, నలిగిన ఇసక. నాగమ్మ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో బురద తోడింది. నేనూ తోడాను. పగులు దొరికింది. రాయి జరగడంతో దాని పెదవులు రెండూ దగ్గరైపోయాయి, వేలు కాదు కదా గోరు కూడా దూరడం లేదు. చెమ్మ మాత్రం ఉంది. పొద్దు వాలేదాకా చూశాం. చెమ్మ చెమ్మగానే ఉంది.

యెల్లయ్య అడుగుదాకా కొట్టాక నీళ్ళు మళ్ళీ పడొచ్చన్నాడు, పడకపోవచ్చనీ అన్నాడు. రేపు పని ఆపితే కాంట్రాక్టరు ఇంకో ముఠాను తెస్తాడు, వాళ్ళు ఈ గొలుసు కట్టడం కూడా చేయరన్నాడు. అదీ నిజమే. ఆ రోజు అందరూ నిజాలే చెప్పారు, ఒక్కటీ ఎవరికీ పనికిరాలేదు.

జగదల్‌పూర్ ఆయనకు రాములు ఫోన్ చేశాడు. ఆయన బాధపడ్డాడట. ఫొటోలు పంపమన్నాడట, కొత్తవి.

ఇంటికొచ్చాక నాగమ్మ ఎప్పటిలాగే కాళ్ళకు నీళ్ళిచ్చింది. తాగడానికీ అవే నీళ్ళిచ్చింది. నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. నన్ను తిట్టమని అడగాలనిపించింది. దారి చేద్దామన్నది నేనే నాగమ్మా అన్నాను. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని, నా వైపు చూడకుండా అంది:

"నువ్వు రాకున్నా ఎన్నడో ఓనాడు కొట్టేటోళ్ళే అక్కా. గానీ ఈ ఎండాకాలం గడిచేది."

మర్నాడు

నేను లేచేసరికి నాగమ్మ ఇంట్లో లేదు. దారి మొదట్లో ఉంది. మేం నరికి పక్కన కుప్పేసిన కంపను కర్రతో లాక్కొచ్చి దారికి అడ్డంగా వేస్తోంది. పక్కన రెండు ఖాళీ బిందెలు పెట్టి ఉన్నాయి. రాములూ నేనూ చెయ్యేశాం. ఊళ్ళోవాళ్ళు ఇద్దరు ముగ్గురు దూరంనుంచి చూసి చేలకు పోయారు, కాయ ఏరకపోతే రాలిపోతుంది. నా చేతులు చీరుకుపోయాయి. నడుం ఎత్తు కంప పడింది. దానికి ట్రాక్టర్ ఆగుతుందని మా ముగ్గురిలో ఎవరూ అనుకోలేదు.

ట్రాక్టర్ వచ్చి ఆగింది. యెల్లయ్య దిగి, కంపను చూశాడు, మమ్మల్ని చూశాడు. గడ్డపార తీసుకుని ఒక్కో కొమ్మనూ పక్కకు నెడుతూ వచ్చాడు. మోటుగా కాదు, ఎవరికీ గీసుకోకుండా జాగ్రత్తగా. నా దాకా వచ్చాక ఆగాడు.

"జరుగు బిడ్డా. కాళ్ళకు గుచ్చుకుంటయి."

నేను జరిగాను.

నాగమ్మ నా వైపు చూసింది. తర్వాత బిందెలు రెండూ ఎత్తుకుని వాగు దారి పట్టింది.